మహమ్మారి వేళ మున్సిపల్ పోలింగ్: గదిలో గాలి ఆడాలి, బల్ల మీద బ్యాలెట్ ఎగరకూడదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో ఒక సర్కిల్ పోలింగ్ ఏర్పాట్లు మీ చేతిలో ఉన్నాయి. నాలుగు గదుల ప్రభుత్వ స్కూల్లో నాలుగు పోలింగ్ కేంద్రాలు, ముందు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఆవరణ. కోవిడ్ లాంటిది మళ్లీ విజృంభిస్తే, బ్యాలెట్ పేపర్‌తో కార్పొరేషన్ ఎన్నిక జరపడానికి ఏం కావాలి, ఎంత కావాలి, ఎక్కడ దెబ్బ తింటాం?

ముందుగా ఒక మాట. ఇలాంటి ప్రశ్నకు వచ్చే జవాబుల్లో తొంభై పాళ్లు శానిటైజర్, సున్నపు వలయాలు, థర్మల్ గన్ చుట్టూనే తిరుగుతాయి. అవి కనిపించే ఏర్పాట్లు కాబట్టి ఫొటోల్లో బాగుంటాయి. ఓటరు మాత్రం గదిలో ఉండేది రెండు మూడు నిమిషాలే. అదే గదిలో సిబ్బంది, ఏజెంట్లు పదకొండు గంటలు కూర్చుంటారు. ముందు రోజు సామగ్రి తీసుకునే చోట, బస్సులో, రాత్రి బాక్సులు అప్పగించే క్యూలో, కౌంటింగ్ హాల్లో కూడా ఉండేది వాళ్లే. డబ్బు, బుర్ర రెండూ అక్కడ పెట్టాలి.

2020 డిసెంబర్ 1న జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల లెక్కలతో మొదలుపెడదాం. 150 డివిజన్లు, 74.67 లక్షల ఓటర్లు, 9,101 పోలింగ్ కేంద్రాలు. అంటే కేంద్రానికి సగటున 820 మంది. ఓట్లు పడింది 46 శాతం పైచిలుకు. పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా. సగటు కేంద్రంలో 380 ఓట్లు అనుకుంటే గంటకు 35 మంది. ఈ లెక్కన క్యూ అసలు సమస్యే కాదు. కానీ సగటును నమ్ముకుంటే మునుగుతాం. ఒక డివిజన్‌లోనే అపార్టుమెంట్ల వైపు కేంద్రం మధ్యాహ్నానికి ఖాళీగా ఉంటుంది, పక్క బస్తీ కేంద్రంలో తొమ్మిదింటికే గేటు దాటి జనం ఉంటారు. కాబట్టి ప్రతి కేంద్రానికీ గత రెండు ఎన్నికల్లో ప్రతి రెండు గంటలకూ పడిన ఓట్లు తీయండి. రెండు గంటలకోసారి పంపే పోలింగ్ శాతం నివేదికల్లో ఆ లెక్క దొరుకుతుంది.

ఇక ఒక్కో ఓటుకు పట్టే సమయం. బ్యాలెట్ పద్ధతిలో కేంద్రం బాధ్యత ప్రిసైడింగ్ ఆఫీసర్‌ది, ఆయన కింద ముగ్గురు ఓపీవోలు (ఇతర పోలింగ్ అధికారులు) ఉంటారు. మొదటి ఓపీవో జాబితాలో పేరు చూసి పిలుస్తారు, రెండో ఆయన సిరా పెడతారు, మూడో ఆయన కౌంటర్‌ఫాయిల్ (పుస్తకంలోనే మిగిలే ముక్క) మీద సంతకమో వేలిముద్రో తీసుకుని, పేపర్ చించి, మడిచి చూపించి, ముద్ర చేతికిస్తారు. అందరికంటే నెమ్మదిగా సాగే బల్ల మూడోది. ఎంత వేగంగా చేసినా 45 సెకన్లు పడుతుంది. అంటే గంటకు 80 మంది. 1,000 మంది ఓటర్లున్న బస్తీ కేంద్రానికి 9 నుంచి 11 మధ్య గంటకు 110 మంది వచ్చారనుకోండి, రెండు గంటల్లో 60 మంది పేరుకుపోతారు. ఆరడుగుల దూరంతో నిలబెడితే 360 అడుగుల క్యూ. మీ ఆవరణ పొడవు 60 అడుగులు.

అందుకే మూడో బల్ల మీద పని తగ్గించాలి. పేపర్ వెనక డిస్టింగ్విషింగ్ మార్క్ ముద్ర (పేపర్ ఆ కేంద్రానిదేనని తెలిపే గుర్తు), ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకం ముందే 50 చొప్పున సిద్ధంగా ఉండాలి. అన్నీ ఒకేసారి సంతకం చేసి పెట్టుకుంటే సాయంత్రం మిగిలిన సంతకాల పేపర్ల లెక్క తేలక బ్యాలెట్ పేపర్ అకౌంట్ (వచ్చినవి, వాడినవి, మిగిలినవి ఎన్నో రాసే పత్రం) దగ్గర తల పట్టుకోవాలి. నిలువు మడత ముందు, అడ్డం మడత తర్వాత అని పేపర్ ఇస్తూనే చేసి చూపాలి. ఆ క్రమం తప్పితే ముద్ర సిరా ఎదుటి గడిలో అంటుకుని, కౌంటింగ్‌లో చెల్లుతుందా లేదా అన్న పంచాయితీ అవుతుంది. జ్వరం చూడటం, చేతులు శుభ్రం చేయడం, మాస్కు ఇవ్వడం అన్నీ క్యూలోనే అయిపోవాలి. క్యూలో ఎలాగూ నిలబడే సమయం కాబట్టి అక్కడ అరనిమిషం పోయినా ఆలస్యం కాదు, గదిలో పోతే అంతా ఆగుతుంది.

కోవిడ్ కాలంలో కేంద్ర ఎన్నికల సంఘం 2020 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాలు కేంద్రానికి 1,500 బదులు 1,000 ఓటర్ల పరిమితి పెట్టాయి. అవి ఈవీఎంలతో జరిగే అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు ఉద్దేశించినవి. స్థానిక సంస్థలకు రాష్ట్ర ఎన్నికల సంఘం విడిగా ఆదేశాలు ఇస్తుంది, మీకు వర్తించేవి అవే. బ్యాలెట్ పేపర్‌కు 1,000 కూడా ఎక్కువే, బస్తీ కేంద్రాలకు 700 దాటనివ్వొద్దన్నది నా అభిప్రాయం. అలాగని ఎడాపెడా కేంద్రాలు పెంచేయడం కూడా తప్పే. ఒక్క కేంద్రం పెరిగితే నలుగురు పోలింగ్ సిబ్బంది, కనీసం ఒక కానిస్టేబుల్, బస్సులో అన్ని సీట్లు, ఇంకో విడత శిక్షణ పెరుగుతాయి. రద్దీ ఉండే కేంద్రాలను మాత్రమే విడగొట్టి, గంటకు 35 మంది వచ్చేవాటిని అలాగే వదిలేయండి.

మీ స్కూలు సంగతికొద్దాం. నాలుగు కేంద్రాలకు 20 మంది చొప్పున 80 మంది క్యూ, మనిషికి ఆరడుగుల చదరం, అంటే 36 చదరపు అడుగులు. మొత్తం 2,880. ఆవరణ 2,400 మాత్రమే, అందులోంచి నడిచే దారి, ర్యాంపు, వీల్‌చైర్ తిరిగే చోటు తీసేయాలి. పట్టదు. రెండు కేంద్రాలను వేరే భవనానికి మార్చడమే మంచిది. కమ్యూనిటీ హాలు, వార్డు ఆఫీసు, దగ్గర్లో ఇంకో స్కూలు చూడండి. ఫంక్షన్ హాళ్లలో చోటు, పార్కింగ్ రెండూ దొరుకుతాయి గానీ యజమాని ఏ పార్టీ మనిషో ముందే వాకబు చేయండి. లేకపోతే ప్రతి అభ్యర్థీ అభ్యంతరం రాస్తాడు. పోలింగ్ కేంద్రాల ముసాయిదా జాబితా ప్రకటించి అభ్యంతరాలు తీసుకునే గడువులోపే ఈ మార్పు జరగాలి. తుది జాబితా వచ్చాక మారిస్తే ఓటరు పాత స్కూలు దగ్గరికే వస్తాడు, అక్కడి నుంచి తిట్టుకుంటూ ఇంటికి పోతాడు. పాత భవనం గేటుకు కొత్త చోటు రాసిన ఫ్లెక్సీ, దగ్గర ఒక మనిషి, రెండూ ఉండాలి.

మార్చడం కుదరకపోతే టోకెన్లు. గేటు దగ్గర కేంద్రానికో రంగు కాగితం, వరుస నంబర్. ఒక్కో కేంద్రానికి పది కుర్చీలు దూరదూరంగా షామియానా కింద, మిగతావాళ్లు బయటే తిరగవచ్చు. టెంట్ హౌస్ వాళ్లకు పక్క పరదాలు కట్టొద్దని గట్టిగా చెప్పండి. అందం కోసం మూడు వైపులా పరదా కట్టేస్తే అదే ఇంకో మూసిన గది అవుతుంది. 1 నుంచి 10 నంబర్లు లోపలికి, 11 నుంచి 20 కుర్చీల్లోకి అని హోంగార్డు పిలుస్తూ ఉండాలి. వృద్ధులు, దివ్యాంగులు, గర్భిణులకు టోకెన్ వద్దు, నేరుగా పంపండి.

క్యూను పెంచేది నిజానికి ఓటేసేవాళ్లు కాదు, పేరు వెతుక్కునేవాళ్లు. మన ఊళ్లో వార్డు ఓటరు జాబితా అసెంబ్లీ జాబితా నుంచి కత్తిరించి తయారవుతుంది. ఒకే ఇంట్లో భర్త ఒక గదిలో, భార్య ఇంకో గదిలో పడతారు. ఇద్దరూ నాలుగు గదులూ తిరుగుతారు. గేటు బయట, క్యూ మొదలయ్యే ముందే హెల్ప్ డెస్క్ పెట్టి అక్షర క్రమంలో జాబితా ఇవ్వండి. చేతిలో క్రమసంఖ్య రాసిన చీటీ లేకుండా ఎవరూ క్యూలోకి రాకూడదు. ఓటరు స్లిప్పుల పంపిణీ అప్పుడే తలుపులు మూసి ఉన్న ఇళ్లు, హాస్టళ్లు గుర్తించి ఏఎస్‌డీ జాబితాలో (ఊళ్లో లేనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు) చేర్చండి. 2020లో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు ఖాళీ అయి పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు. మహమ్మారి కాలంలో ఈ జాబితా మామూలు కంటే చాలా పెద్దదవుతుంది, దొంగ ఓటు తగాదాలు కూడా అక్కడే పుడతాయి.

ఇప్పుడు గది. మామూలు స్కూలు గది 20 అడుగుల చదరం, వరండా వైపు ఒక తలుపు, ఎదురుగా రెండు కిటికీలు. ఇక్కడ జరిగే తప్పు దాదాపు ప్రతిచోటా ఒకటే: ఓటేసే కంపార్ట్‌మెంట్‌ను కిటికీ పక్కన పెట్టి, రహస్యం పోతుందని ఆ కిటికీ మూసేస్తారు. దాంతో గదిలో గాలి చచ్చిపోతుంది. కంపార్ట్‌మెంట్‌ను కిటికీ లేని గోడకు ఆనించండి. కిటికీకి కింది సగం వరకే అట్ట కట్టి, పై సగం, వెంటిలేటర్ తెరిచి ఉంచండి. ఒక పెడస్టల్ ఫ్యాన్‌ను కిటికీకి ఆనించి, ముఖం బయటికి పెట్టండి. గదిలో గాలిని అది బయటికి తోస్తుంది, తలుపులోంచి కొత్త గాలి వస్తుంది. ఫ్యాన్ ముఖం లోపలికి పెడితే క్యూలో ఉన్నవాళ్ల ఊపిరి సిబ్బంది మీదికి, బల్ల మీది కాగితాలు నేల మీదికి పోతాయి. స్ప్లిట్ ఏసీ ఉన్న హాలైతే ఏసీ ఆపి కిటికీలు తీయండి, అది లోపలి గాలినే తిప్పుతుంది. సెక్టార్‌కు (ఒక అధికారి తిరిగి చూసే కొన్ని కేంద్రాలకు) ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొనండి. బయట గాలిలో 420 పీపీఎం అటూఇటూ ఉంటుంది. గదిలో 1,000 దాటిందంటే ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నట్టే. సెక్టార్ అధికారి రౌండ్‌కు వచ్చినప్పుడల్లా చూసి రాసుకోవాలి.

ఏజెంట్ల సంగతి ఎవరూ మాట్లాడరు గానీ గదిలో అందరికంటే ఇరుకుగా కూర్చునేది వాళ్లే. 2020లో 150 డివిజన్లకు 1,122 మంది పోటీ చేశారు. అంటే ఒక్కో గదిలో ఏడెనిమిది మంది ఏజెంట్లు కూర్చోవచ్చు. సిబ్బందితో కలిపితే పన్నెండు మంది, 400 చదరపు అడుగుల్లో. ఏజెంట్లను తలుపు దగ్గర, వీలైతే గడప అవతల వరండాలో, మొదటి ఓపీవో బల్ల కనిపించేలా కూర్చోబెట్టండి. ఓటరు ముఖం కనిపిస్తే, పేరు వినిపిస్తే వాళ్లకు చాలు. ఇక్కడే ఇంకో చిక్కు: మాస్కు లోంచి పేరు వినపడదు. ఓపీవో మాస్కు కిందికి లాగి అరుస్తాడు, ఏజెంటు 'ఏంది సార్, మళ్లోసారి చెప్పండి' అంటాడు, రెండోసారి ఇంకా గట్టిగా అరుస్తాడు. మూసిన గదిలో గట్టిగా మాట్లాడటం కంటే ప్రమాదం లేదు. చిన్న వైట్‌బోర్డు మీద క్రమసంఖ్య రాసి చూపించి, పేరు ఒక్కసారే మామూలు గొంతుతో చదవండి. ఓటరు మాస్కు దించి ముఖం చూపేది కూడా ఆ ఒక్క చోటే, రెండు క్షణాలు, మాటలు లేకుండా. బురఖా వేసుకున్న మహిళల గుర్తింపుకు మహిళా ఓపీవో, పక్కన చిన్న తెర మామూలుగా ఉండేవే. ఆ తెర కిటికీ గాలికి అడ్డం రాకుండా చూసుకోండి.

శానిటైజర్ గురించి రాయక తప్పదు, ఎందుకంటే అది చేసే మేలు కంటే తెచ్చే తంటాలు ఎక్కువ. తడి చేతితో వచ్చిన ఓటరు వేలికి సిరా పెడితే అది పట్టదు, పెట్టిన వెంటనే శానిటైజర్ రాస్తే చెరుగుతుంది. ఆ సిరాలో ఉండే సిల్వర్ నైట్రేట్ చర్మంలో ఇంకి నల్లబడటానికి కాస్త సమయం కావాలి. కాబట్టి శానిటైజర్ గేటు దగ్గరే. గదిలో ఓటరుకు ఇవ్వొద్దు, బయటికి పోయే దారిలోనూ పెట్టొద్దు. గ్లౌజు ఇవ్వాలని ఆదేశముంటే కుడి చేతికి ఒకటే ఇవ్వండి, సిరా ఎడమ చూపుడు వేలికి కదా. వేలిముద్ర వేసే ఓటరుకు గ్లౌజు పనికిరాదు. తడి చేతితో పట్టుకున్న బ్యాలెట్ మీద ముద్ర సిరా పారి, రెండు గడులకూ అంటి, ఓటు చెల్లకుండా పోతుంది.

ఓటు ముద్ర పిడిని అందరూ పట్టుకుంటారు. రెండు ముద్రలు పెట్టుకుని ఒకటి తుడిచేలోపు ఇంకొకటి వాడండి. తుడవాల్సింది పిడిని మాత్రమే, రబ్బరును కాదు. ఇలా రెండు మూడు ముద్రలు బల్ల మీద తిరుగుతున్నప్పుడు డిస్టింగ్విషింగ్ మార్క్ ముద్ర వాటి దరిదాపుల్లో ఉండకూడదు. అది ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గరే ఉండాలి. 2020లో కొన్ని కేంద్రాల్లో స్వస్తిక్ ముద్ర బదులు వేరే ముద్రతో ఓట్లు పడ్డాయి. అలాంటివి కూడా లెక్కించవచ్చని కౌంటింగ్ ముందు రాత్రి సర్క్యులర్ వచ్చింది, మర్నాడు ఉదయమే హైకోర్టు దాన్ని నిలిపివేసింది. వేరే ముద్ర ఉన్న ఓట్లు ఆధిక్యం కంటే ఎక్కువ కావడంతో నేరేడ్‌మెట్ డివిజన్ ఫలితం డిసెంబర్ 9 దాకా ఆగింది. ఒక్క చెక్క ముద్ర చేతులు మారితే ఇంత కథ.

శానిటైజర్‌తో ఇంకో ప్రమాదం ఉంది, శిక్షణలో దీన్ని మొదటి పది నిమిషాల్లోనే చెప్పాలి. సాయంత్రం బాక్సుకు, కవర్లకు కొవ్వొత్తి మీద లక్క కరిగించి సీలు వేస్తాం. అందరూ అలవాటుగా చేతులకు శానిటైజర్ రాసుకుని వెంటనే కొవ్వొత్తి దగ్గరికి వస్తారు. అందులో 70 శాతం పైన ఆల్కహాలే. మంట సన్నగా, వెలుతురులో కనిపించకుండా అంటుకుంటుంది, పక్కనే గుట్టగా కాగితాలు. ఆరు తర్వాత శానిటైజర్ సీసాలన్నీ వరండాలోకి పోవాలి. సీలు వేసే మనిషి సబ్బుతో చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని కూర్చోవాలి.

పరిమాణాలు అడిగారు కదా. 1,000 ఓటర్లు, 60 శాతం పోలింగ్ అనుకుని ఒక కేంద్రానికి: మనిషికి 3 మిల్లీలీటర్ల చొప్పున 600 మందికి 1.8 లీటర్లు, సిబ్బందితో కలిపి రెండున్నర లీటర్లు. అంటే పంపు ఉన్న అరలీటరు సీసాలు ఐదు. ఐదు లీటర్ల క్యాను ఇస్తే దాన్ని ఒంపడానికి ఒక మనిషి కావాలి. సిబ్బందికి మనిషికి రెండు ఎన్95లు. మాస్కు లేకుండా వచ్చే ఓటర్లకు 60 సర్జికల్ మాస్కులు. గ్లౌజులు ఉంటే వందవి ఆరు పెట్టెలు. మూత ఉన్న చెత్త డబ్బాలు రెండు, పసుపు సంచులు నాలుగు. థర్మల్ గన్ భవనానికి రెండు, బ్యాటరీలు రెండు జతలు అదనం. ఎండలో నిలబడిన మనిషి నుదురు చూస్తే గన్ జ్వరమనే చెబుతుంది. నీడలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. రెండోసారి కూడా ఎక్కువుంటే చివరి గంటకు రమ్మని టోకెన్ ఇవ్వండి. తిరిగి పంపేయకూడదు, ఓటు అతని హక్కు.

ఆ చివరి గంట, 5 నుంచి 6 దాకా, పాజిటివ్ వచ్చినవాళ్ల కోసం. సిబ్బంది పీపీఈ వేసుకోవడానికి 4.45కే ఒకరి తర్వాత ఒకరు బయటికి వెళ్లి రావాలి, అందరూ ఒకేసారి వెళ్తే పోలింగ్ ఆగుతుంది. ఐదింటికి మామూలు ఓటర్లు ఇంకా క్యూలో ఉంటే వాళ్లను వేరుగా కూర్చోబెట్టి ముందు వాళ్లవే వేయించండి. వ్యాధి సోకినవాళ్ల జాబితాను వైద్య శాఖ నుంచి తెచ్చి ఓటరు క్రమసంఖ్యలతో సరిచూడండి గానీ దాన్ని గోడకు అంటించకండి, ఏజెంట్లకు ఇవ్వకండి. బస్తీలో ఆ పేర్లు బయటపడితే ఆ మనిషి ఓటుకు రాడు, ఇంకోసారి పరీక్షకు కూడా పోడు. వీళ్లలో చాలామందికి పోస్టల్ బ్యాలెట్ మేలు. అయితే దాని డిక్లరేషన్ మీద సంతకం ధ్రువీకరించాలి. ఇంట్లో బందీగా ఉన్న మనిషి గెజిటెడ్ అధికారిని ఎక్కడ తెస్తాడు? పోస్టల్ ఓట్లు ఎక్కువగా తిరస్కరణకు గురయ్యేది ఈ ఒక్క కాగితం వల్లే. ధ్రువీకరించే అధికారిని డివిజన్‌కు ఒకరిని ముందే నియమించి, వీడియోగ్రాఫర్‌తో ఇంటి గుమ్మం దాకా పంపించండి.

పోలింగ్ ముందు రోజు డీఆర్సీ, అంటే సామగ్రి పంపిణీ చేసి తిరిగి తీసుకునే కేంద్రం. యూసుఫ్‌గూడ కోట్ల విజయభాస్కర్‌రెడ్డి స్టేడియం, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్ లాంటి చోట్ల వందల బృందాలు ఒకేసారి చేరతాయి. అందరికీ ఉదయం 8కి రమ్మని ఆర్డర్ ఇవ్వడమే అసలు తప్పు. రూట్ వారీగా గంట తేడాతో పిలవండి, సామగ్రి సంచి కట్టి కేంద్రం నంబర్ వేసి సిద్ధంగా ఉంచండి. ఇక్కడ తొందరలో కూడా వదలకూడని తనిఖీ ఒకటుంది. ప్రతి బృందం ఒక బ్యాలెట్ పేపర్ తీసి అభ్యర్థుల పేర్లు, గుర్తులు తుది జాబితాతో సరిచూడాలి. 2020లో ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు ఎదురుగా కంకి కొడవలికి బదులు సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ మొదలయ్యాక బయటపడింది, డివిజన్ మొత్తం రద్దు చేసి డిసెంబర్ 3న మళ్లీ పోలింగ్ జరిపారు. మహమ్మారి వేళ రీపోలింగ్ అంటే జనాన్ని, సిబ్బందిని రెండోసారి గుమిగూడేలా చేయడమే.

రిజర్వు సిబ్బంది మామూలుగా పెట్టుకునే దానికంటే ఎక్కువ కావాలి, 30 శాతం దాకా పెట్టుకోండి. పోలింగ్‌కు ముందు పరీక్షలు చేస్తే చివరి రెండు రోజుల్లో జనం రాలిపోతారు. గర్భిణులు, డయాలసిస్, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లను మొదటి జాబితాలోనే తీసేయండి. వాళ్లను తర్వాత మినహాయింపు కోసం కలెక్టరేట్ క్యూలో నిలబెట్టడం అన్యాయం, ప్రమాదం కూడా. ఆర్టీసీ బస్సులో సగం సీట్లే నింపితే రెట్టింపు బస్సులు కావాలి, అది ముందే మాట్లాడుకోవాలి. కిటికీలు తెరిచి, ఇరవై నిమిషాల ప్రయాణమైతే పూర్తిగా నింపినా పెద్ద నష్టం లేదని నేనంటాను. రాత్రి ఐదుగురూ ఆ గదిలోనే తలుపు వేసుకుని పడుకోవడం దానికంటే ప్రమాదం. వరండాలోనో పక్క గదిలోనో పడక ఏర్పాటు చేయండి, దోమతెరలతో సహా. మధ్యాహ్న భోజనం ఒక్కొక్కరుగా, ఆరుబయట. మాస్కులు తీసి అందరూ ముఖాముఖి కూర్చునే పూట అదొక్కటే.

రాత్రి బాక్సుల అప్పగింత దగ్గర అందరూ అలసిపోయి, ఆకలితో, ముందు తమదే తీసుకోవాలని కౌంటర్ మీద పడతారు. బ్యాలెట్ పేపర్ అకౌంట్‌లో ఒక్క అంకె తేడా ఉన్నా బృందం క్యూ చివరికి పోతుంది, గంట పోతుంది. హాలు బయట ఆరుబయట తనిఖీ బల్లలు వేయండి. అకౌంట్, డైరీ, పేపర్ సీల్ లెక్క అక్కడే చూసి సరిచేయించి, టిక్కు పెట్టినవాళ్లనే లోపలి కౌంటర్‌కు పంపండి. లోపల ఒక్కో బృందానికి రెండు నిమిషాలు చాలు.

కౌంటింగ్ హాలు అన్నిటికంటే గడ్డు. కాగితపు బ్యాలెట్‌కు గాలి ఆడకూడదు, మనుషులకు ఆడాలి. మామూలుగా ఏం చేస్తారంటే ఫ్యాన్లు ఆపి, కిటికీలు మూసి, వంద మందిని పన్నెండు గంటలు కూర్చోబెడతారు. 2020లో హాలుకు 14 టేబుళ్లు, టేబుల్‌కు రౌండ్‌కు 1,000 ఓట్లు, 25 చొప్పున కట్టలు. కోవిడ్ మార్గదర్శకాల్లో కేంద్ర సంఘం హాలుకు 7 టేబుళ్లే అంది. ఏడు వేస్తే రౌండ్లు రెట్టింపవుతాయి, మనుషులు హాల్లో ఉండే గంటలూ పెరుగుతాయి. కాబట్టి టేబుళ్లు తగ్గించడం ఒక్కటే మార్గం కాదు, రెండు హాళ్లు తీసుకోండి. పైన వెంటిలేటర్ల ఎత్తులో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించండి, బల్ల ఎత్తులో గాలి కదలదు, పైన వేడి గాలితో పాటు ఊపిరి బయటికి పోతుంది. ప్రతి అభ్యర్థికీ బల్ల మీద అంచులున్న ప్లాస్టిక్ ట్రే, కట్టలకు రబ్బరు బ్యాండ్లు, విడి పేపర్ల మీద చెక్క దిమ్మె పెడితే కాస్త గాలి వీచినా ఫరవాలేదు. వేళ్లు తడి చేసుకోవడానికి నాలుకకు బదులు స్పాంజి గిన్నె టేబుల్‌కు రెండు. కట్టలు లెక్కించేటప్పుడు వేలు నోట్లో పెట్టుకోవడం ముప్పై ఏళ్ల అలవాటు, చెబితే పోదు, స్పాంజి ముందుంటే పోతుంది. ఏజెంట్లు తమకూ బల్లలకూ మధ్య కట్టిన మెష్ మీద వాలి అరవకుండా ప్రతి కట్టనూ వాళ్ల వైపు తిప్పి చూపించే మనిషి ఉంటే గొడవ సగం తగ్గుతుంది.

అసలు వాయిదా వేయొచ్చా అని చివర్లో అడిగారు. అది సర్కిల్ స్థాయి నిర్ణయం కాదు. రాజ్యాంగం 243యూ ప్రకారం మున్సిపాలిటీ గడువు ఐదేళ్లు, గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలి. రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో అధికారం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే మొదలైన స్థానిక ఎన్నికల ప్రక్రియను 2020 మార్చి 15న ఆపేశారు, పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మన దగ్గర 2021 ఏప్రిల్ 30న రెండో వేవ్ నడుమే వరంగల్, ఖమ్మం కార్పొరేషన్లకు, నగరంలో లింగోజిగూడ డివిజన్‌కు పోలింగ్ పెట్టారు. జీహెచ్‌ఎంసీ గడువు 2021 ఫిబ్రవరి దాకా ఉన్నా రెండు వేవ్‌ల మధ్య డిసెంబర్‌లోనే ముగించడం, కారణాలు ఏవైనా, ఆరోగ్యం కోణంలో మంచిదే అయింది. మీరు చేయగలిగిందల్లా రెండు వారాల నోటీసుతో పోలింగ్ జరపగలిగేలా భవనాల జాబితా, గది కొలతలు, కిటికీల సంఖ్య ముందే రాసి పెట్టుకోవడం.

పోలింగ్ మర్నాడు స్కూలును అప్పగించే ముందు వాడిన గ్లౌజులు, మాస్కులు పసుపు సంచుల్లో మూతి కట్టి బయోమెడికల్ వ్యర్థాల బండికి ఇవ్వాలి, మామూలు స్వచ్ఛ ఆటోలో వేయకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు ఇచ్చాకే గదులు ఊడ్పించండి. బల్లలు, తలుపు గడియలు తుడవడానికి 1 శాతం హైపోక్లోరైట్ చాలు. 5 శాతం ద్రావణం ఒక లీటరుకు నాలుగు లీటర్ల నీళ్లు కలపండి. బాత్రూం యాసిడ్‌తో కలపొద్దని వాళ్లకు నోటితో చెప్పండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. గంటసేపు కిటికీలు తీసి ఉంచి, హెడ్‌మాస్టర్ సంతకం తీసుకుని తాళాలు ఇచ్చేయండి.